పార్కింగ్‌లో పని బల్ల: ఊగినా, కుంగినా, చెద పట్టినా ఏం చేయాలి?

హైదరాబాద్‌లో విడిగా గ్యారేజీ ఉన్న ఇళ్లు తక్కువ. మనకున్నది పార్కింగ్. అందులోనే కారు, రెండు బైకులు, సంపు మూత, మోటారు స్టార్టరు, మీటర్ల బోర్డు, ఓ మూల చెప్పుల స్టాండు. మిగిలిన ఆ గోడ పక్కన చోటులో బల్ల వేసుకుని రంపం, డ్రిల్లు, సుత్తి సర్దుకుంటాం. ఆ చోటు కట్టింది కారు నిలపడానికి, వాన నీళ్లు గేటు దాటి పోవడానికి. అందుకే ఇక్కడ బల్లకొచ్చే జబ్బుల్లో సగానికి పైగా కొయ్యవి కావు. మూలం కింద నేలలోనో వెనక గోడలోనో ఉంటుంది. కొత్త చెక్క కొనే ముందు ఆ రెండూ చూడండి.

బల్ల ఊగుతోంది

బల్లను ఒక చివర పట్టుకుని పొడవు వైపు నెట్టండి. ఇంకొకరిని కింద కూర్చుని కాళ్లు చూడమనండి. ఏదో ఒక కాలు నేలను వదిలి టక్కుమని మళ్లీ ఆనుతుంటే తేడా నేలది. నాలుగు కాళ్లూ కదలకుండా పైభాగం మాత్రమే వాలుతుంటే కీళ్లు వదులయ్యాయి. ఈ తేడా తెలియక చాలామంది కీళ్లు వదులైన బల్లకు కాళ్ల కింద అట్టముక్కలు పెడుతూ పోతారు.

నేల సంగతి ముందు. పార్కింగ్ నేలకు మేస్త్రి కావాలనే గేటు వైపు వాటం పెడతాడు, పెట్టకపోతే నీళ్లు నిలుస్తాయి. దానిమీద సమంగా కోసిన నాలుగు కాళ్లు నిలపడం కష్టం. టైలు ముక్కలు, అట్టలు దోపితే నాలుగు సుత్తి దెబ్బలకు జారిపోతాయి. ఇనుప కాళ్లయితే వెల్డింగ్ షాపులో ప్రతి కాలి అడుగున 12 ఎంఎం నట్టు వెల్డ్ చేయించి, అందులో బోల్టు తల కిందికి ఉండేలా బిగించండి. కొయ్య కాళ్లయితే చిన్న ఇనుప పలకకు నట్టు వెల్డ్ చేయించి, ఆ పలకను కాలి అడుగున స్క్రూలతో బిగించండి. బోల్టు పైకి పోవడానికి కాల్లో రంధ్రం ఉండాలి. నేల ఎక్కువ ఎత్తున్న చోటి కాలి బోల్టును పూర్తిగా లోపలికి తిప్పి ఉంచి, మిగతా మూడింటినీ దానికి సమంగా లేపాలి. రసమట్టం ముందు పొడవుగా, తర్వాత అడ్డంగా పెట్టి చూసుకుని, చివర్లో చెక్‌నట్ (బోల్టు తిరగకుండా పట్టే రెండో నట్టు) బిగించేస్తే ఇక కదలదు.

కీళ్ల సంగతి వేరు. కొయ్య చివరి ముఖంలోకి, అంటే రంపంతో అడ్డంగా కోసిన వైపు, స్క్రూ దిగితే దాని పట్టు తక్కువ. ఆ స్క్రూ ఎంత పొడవైనా కొన్నాళ్లకు వదులవుతుంది. అక్కడ స్క్రూ తీసేసి, రెండు ముక్కల్లోంచి పోయే బోల్టు, రెండు వైపులా పెద్ద వాషర్లు వేయండి. దాంతోపాటు వెనక రెండు కాళ్లను కలుపుతూ 9 ఎంఎం ప్లైవుడ్ పలక ఒకటి ఫెవికాల్ రాసి స్క్రూలతో బిగించండి. పొడవు వైపు ఊపు దాదాపు అక్కడితో ఆగిపోతుంది. మూలమూలకీ ఎల్ క్లాంపులు కొట్టడం కన్నా ఈ ఒక్క పలక మేలు. ఆ క్లాంపులు చూడటానికి గట్టిగా కనిపిస్తాయి గానీ మొదట వంగేవి అవే.

ఇంకో మాట. వానాకాలంలో టింబర్ డిపో నుంచి పచ్చి కొయ్య తెచ్చి బల్ల చేయిస్తే, అప్పుడు బిగువుగా ఉన్న కీలు ఉగాది దాటేసరికి ఖాళీ ఇస్తుంది. ఎండలకు కొయ్య ఆరి అడ్డంగా కుంచించుకుపోతుంది. కోసినప్పుడు పొట్టు చేతికి తడిగా అంటుకుంటే, ముక్క దాని సైజుకు మించి బరువుంటే అది ఆరలేదని అర్థం. ఈపాటికే చేయించేసి ఉంటే కంగారేం లేదు, ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి బోల్టులన్నీ బిగించుకోండి.

రెండంగుళాల స్క్వేర్ పైపుతో చేయించిన బల్ల మెలి తిరిగి ఉంటే తప్పు వెల్డింగ్ వరసది. ఒక మూల పూర్తిగా కాల్చి తర్వాత రెండో మూలకు పోతే వేడికి చట్రం లాగేస్తుంది. అన్ని మూలలా చిన్న చుక్కలతో పట్టించి, ఎదురుమూలల మధ్య కొలతలు రెండూ ఒకటేనని టేపుతో చూశాక పూర్తి వెల్డింగ్ చేయమనండి. చుక్కల దశలో అయితే సుత్తితో ఒక దెబ్బ వేస్తే సరిపోయేది, ఆ తర్వాత గ్రైండర్‌తో కోయాల్సి వస్తుంది.

పైచెక్క మధ్యలో కుంగింది

19 ఎంఎం ప్లైవుడ్ ఒక్కటే వేసి, కింద ఆధారం లేకుండా ఆరడుగులు వదిలేస్తే కుంగక ఏమవుతుంది? ఆధారాల మధ్య దూరం రెట్టింపైతే, మధ్యలో పెట్టిన అదే బరువుకు చెక్క ఎనిమిది రెట్లు వంగుతుంది. మందం రెట్టింపైతే వంగడం ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. అందుకే మొదటి పని కింద అడ్డపట్టీలు వేయడం, రెండడుగులకు ఒకటి చాలు. రెండోది ఇంకో ప్లైవుడ్ పొర అతికించడం. అతికించడం అంటే జిగురు మొత్తం పరిచి అతికించడమే. రెండు చెక్కలను ఒకదానిమీద ఒకటి ఊరికే పెడితే గట్టిదనం రెండు రెట్లే పెరుగుతుంది, జిగురుతో ఒకటైతే ఎనిమిది రెట్లు.

ప్లైవుడ్ కొనేటప్పుడు షాపువాళ్లు ‘వాటర్‌ప్రూఫ్’ అని అన్నింటికీ అంటారు. పలక మీద ముద్ర చూడండి. మెరైన్ రకానికి ఐఎస్ 710 అని ఉంటుంది. జల్లు పడే పార్కింగ్‌కు అది తగినది. ఎంఆర్ రకం (కొద్దిపాటి చెమ్మకే ఆగేది) హాల్లో అల్మరాకు పనికొస్తుంది, ఇక్కడ రెండు వానాకాలాలకే అంచులు ఉబ్బి పొరలు విడిపోతాయి. ఏ రకమైనా కోసిన అంచుకు పెయింటో వార్నిషో పట్టించండి. నీళ్లు తాగేది ఆ అంచే.

సుత్తితో కొడితే బల్ల ఎగురుతోంది, వైస్ దగ్గర లేస్తోంది

వైస్ (ముక్కను రెండు పెదవుల మధ్య బిగించి పట్టే ఇనుప పట్టు) బల్ల అంచున, రెండు కాళ్ల మధ్య ఖాళీలో బిగించి ఉంటే కొట్టిన దెబ్బ చెక్కను ఊపడానికే పోతుంది. వైస్‌ను కాలికి నేరుగా పైన ఉండేలా మార్చండి, దెబ్బ కాలిగుండా నేలకు దిగుతుంది. వెనక పెదవి బల్ల అంచు దాటి కొంచెం బయటికి ఉంటే పొడవైన పైపును నిలువుగా పట్టించవచ్చు. బల్ల తేలికైతే కింది అరలో రెండు సిమెంటు ఇటుకలో, మిగిలిపోయిన గ్రానైట్ ముక్కలో పేర్చండి.

కొత్త వైస్‌లకు రాణిగంజ్, పాతవాటికి ఎర్రగడ్డ ఆదివారం సంత. పాతది కొంటే పెదవుల అడుగున వేలుతో తడిమి, పగులుకు వెల్డింగ్ చేసి రంగు వేశారేమో చూడండి. పోత ఇనుముకు అలా వేసిన అతుకు గట్టి బిగింపుకు ఆగదు.

గంట పనికే నడుము పట్టేస్తోంది

చాలామంది వంటింటి గట్టు ఎత్తుకే బల్ల చేయిస్తారు. అది ఇంట్లో వంట చేసేవాళ్ల ఎత్తుకు కట్టింది, మీ ఎత్తుకు కాదు. నిటారుగా నిలబడి మోచేయి వంచండి. నేల నుంచి మోచేతికి ఉన్న ఎత్తులో 10 నుంచి 15 సెంటీమీటర్లు తగ్గిస్తే మామూలు పనులకు సరిపడే బల్ల ఎత్తు వస్తుంది. చిత్రిక పట్టే పని ఎక్కువైతే ఇంకా కిందికి, చేయి వేలాడదీస్తే మణికట్టు వచ్చే ఎత్తుకు ఉండాలి. వైస్ పెదవులు మాత్రం మోచేతి ఎత్తులో ఉంటేనే ఆకురాయి సమంగా సాగుతుంది.

కాళ్లు నానుతున్నాయి, చెద పట్టింది

రోజూ పొద్దున పైపుతో కారు కడిగే ఇల్లయితే కాళ్ల అడుగు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. చెదలకు కావలసింది ఆ చెమ్మే. ప్రతి కాలి కింద అరచేతి సైజు గ్రానైట్ ముక్క పెట్టండి. పైన చెప్పిన బోల్టు కాళ్లయితే కొయ్య నేలకు ఎలాగూ తగలదు.

చెదలు ఎక్కువగా నేల నుంచే వస్తాయి. వచ్చేదారిని మట్టితో కప్పుకుంటాయి. గోడమీద పెన్సిల్ మందాన మట్టి గీత కనిపిస్తే మధ్యలో అంగుళం మేర గీకేయండి. కొద్ది రోజుల్లో ఆ ఖాళీని మళ్లీ మట్టితో పూడిస్తే లోపల పుట్ట బతికే ఉందని అర్థం. అప్పుడు కాళ్లకు మందు పూసి ఊరుకుంటే లాభం లేదు. గోడ, నేల కలిసేచోట రంధ్రాలు వేసి మందు దింపాలి. ఆ పని పెస్ట్ కంట్రోల్ వాళ్లకు వదిలేయడమే మంచిది, ముఖ్యంగా పక్కనే సంపు ఉంటే. తాగే నీళ్ల వ్యవహారం.

కొంతమంది వాడేసిన ఇంజన్ ఆయిల్ పూస్తారు. నాకది నచ్చదు. పుట్టను చంపదు, బట్టలకు అంటుతుంది, గ్రైండర్ నిప్పురవ్వలు పడేచోట అంత నూనె ఉండటం అసలు మంచిది కాదు.

బల్లకూ గోడకూ మధ్య రెండంగుళాలు వదలండి. టార్చి వేస్తే వెనక గోడ కనపడాలి. గోడకు కట్టి నిలపాలనుకుంటే రెండు ఇనుప యాంగిల్ ముక్కలతో కట్టండి, ఖాళీ అలాగే ఉంటుంది.

మట్టి గీతలేం లేకుండా, కాళ్ల పక్కన పిండిలాంటి పొడి కుప్ప పడుతూ, కొయ్యకు గుండుసూది తల అంత రంధ్రాలు కనిపిస్తే అది చెద కాదు, కొయ్యను తొలిచే పురుగు. ప్యాకింగ్ పెట్టెల చెక్కలో, తెల్లకొయ్యలో ఎక్కువ. పట్టిన ముక్కను మార్చేయడమే సులువు.

ఇదంతా అయ్యాక ఒక్కటి చూసుకోండి: బల్ల సంపు మూత మీద గానీ, స్టార్టరు ముందు గానీ లేదు కదా? సంపు కడిగేరోజు బల్ల మొత్తం ఖాళీ చేయాల్సి వస్తుంది.

గోడకు కొట్టిన ర్యాక్ ఊడి వస్తోంది

డ్రిల్ చేసినప్పుడు రాలే పొడిని చూడండి. ఎర్రగా వస్తే ఇటుక. డ్రిల్ గట్టిగా ఆగి ఆగి దిగుతూ బూడిదరంగు పొడి వస్తే కాంక్రీటు పిల్లరో బీమో. వెన్నలోకి దిగినట్టు జర్రున దిగి తేలికైన బూడిద పొడి కుప్పగా రాలితే ఏఏసీ బ్లాకు (గాలి బుడగలుండే తేలిక సిమెంటు ఇటుక), కొత్త ఇళ్లలో ఎక్కువగా అదే. ఏఏసీలో మామూలు ప్లాస్టిక్ గిట్టీలు నిలవవు. ఆ బ్లాకుల కోసమే చేసిన పొడవైన గిట్టీలు అడగండి. బరువైన ర్యాక్ అయితే పిల్లర్ ఉన్నచోటికి జరిపి యాంకర్ బోల్టు వేయండి. ఇంకా సులువు: గోడ జోలికే పోకుండా, నేలమీద నిలిచే స్లాటెడ్ యాంగిల్ ర్యాక్ కొని, పైన ఒక్కచోట మాత్రం గోడకు కట్టేయండి.

కావలసిన పనిముట్టు ఎప్పుడూ దొరకదు, బల్ల ఎప్పుడూ నిండే ఉంటుంది

ఈ రెండూ ఒకే జబ్బు. ఇంట్లో నడుము ఎత్తున ఖాళీ చెక్క ఏది కనపడినా అక్కడికి హెల్మెట్లు, పాత పెయింటు డబ్బాలు, దీపావళి లైట్ల దండలు చేరతాయి. బోర్డు పెట్టినా, కేకలేసినా ఆగవు. వాటికి బల్లకన్నా దగ్గరలో, మెట్ల పక్కనో గేటు పక్కనో ఓ అర కట్టండి, అటు పోతాయి. బల్ల లోతు రెండడుగులు దాటనివ్వకండి. చేయి అందని వెనక భాగం గోడౌన్ అయిపోతుంది.

పనిముట్ల విషయంలో, స్క్రూడ్రైవర్లన్నీ ఒకచోట, పానాలన్నీ ఒకచోట అన్న పద్ధతి షాపుకు బావుంటుంది. ఇంటికి పనివారీగా డబ్బాలు మేలు. కుళాయి డబ్బాలో టెఫ్లాన్ టేపు, వాషర్లు, పైపు పానా. కరెంటు డబ్బాలో టెస్టర్, ఇన్సులేషన్ టేపు, కటింగ్ ప్లయర్, గిట్టీలు. పై అంతస్తులో కుళాయి కారుతోందని పిలుపొస్తే డబ్బా పట్టుకుని పోవడమే. ఇందుకోసం స్క్రూడ్రైవర్ ఒకటి అదనంగా కొనాల్సి వచ్చినా దండగ కాదు. సుత్తి, టేపు, మూలమట్టం, పెన్సిలు, రోజూ పట్టేవి మాత్రమే గోడమీద ఉండాలి, వాటి చుట్టూ మార్కర్‌తో గీత గీయండి. తిరిగి పెట్టనిది ఏదో దూరం నుంచే తెలుస్తుంది.

స్క్రూలు, మేకులు పారదర్శకంగా ఉండే డబ్బాల్లోనే. మిగిలిపోయిన కలగాపులగానికి ఒకే ఒక్క డబ్బా పెట్టుకోండి. అది నిండితే కొత్త డబ్బా కొనకండి, ఉన్నదాన్ని తూకానికి వేయండి.

ఉలులకు, రంపాలకు తుప్పు

జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలిలో చెమ్మ మామూలే. కానీ రెండు మూడు వారాల్లోనే అన్నింటికీ ఎర్రపొర వస్తే చుట్టూ ఓసారి చూడండి, బాత్రూం కడిగే యాసిడ్ సీసా అదే అరలో ఉండి ఉంటుంది. మూత బిగించినా అందులోంచి వచ్చే ఆవిరి ఇనుమును తినేస్తుంది. ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన పెట్టిన పనిముట్లదీ అదే గతి. వాటిని దూరం జరపకుండా ఎంత నూనె రాసినా ఫలితం ఉండదు. పట్టిన తుప్పుకు రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, ఇనుప పీచుతో రుద్ది, వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి కుట్టుమిషను నూనె రాయండి. సన్‌ఫ్లవర్ నూనె వద్దు, జిడ్డుగా గడ్డకడుతుంది.

గ్రైండర్ వేస్తే ఎంసీబీ పడిపోతోంది

పార్కింగ్‌లో ఒక్క లైటు కోసం లాగిన సన్నవైరు మీదే మార్బుల్ కట్టర్, గ్రైండర్ నడిపిస్తే ఎంసీబీ పడక తప్పదు. ఎంసీబీని పెద్దదానితో మార్చేయమని ఎలక్ట్రీషియన్ అంటే ఒప్పుకోకండి, అప్పుడు కాలేది గోడలో వైరు. మీటరు బోర్డు నుంచి బల్లకు విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 16 ఆంపియర్ల సాకెట్, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) వేయించండి. తడినేల మీద నిలబడి పనిచేసేవాళ్లకు ఆ ఆర్‌సీసీబీ చాలా ముఖ్యం. చుట్టి ఉంచిన ఎక్స్‌టెన్షన్ వైరు వేడెక్కుతుంది, వాడేటప్పుడు పూర్తిగా విప్పండి. పని మధ్యలో కరెంటు పోతే ముందు మిషన్ స్విచ్ ఆపండి. లేదంటే కరెంటు తిరిగొచ్చేసరికి అది బల్లమీద దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది.

నిప్పురవ్వల దారిలో బైకు ఉంటే దాన్ని గేటు బయట పెట్టాకే గ్రైండర్ పట్టుకోండి. అదే బల్ల మీద రంపపు పొట్టు ఉంటే ముందు ఊడ్చేయండి.

గీత మీద కోసినా వంకర పోతోంది

రంపాన్ని అనుమానించే ముందు లైటు చూడండి. ట్యూబు మీ వెనక ఉంటే మీ నీడే గీతమీద పడుతుంది. నాలుగడుగుల ఎల్ఈడీ బ్యాటెన్‌ను బల్ల ముందు అంచుకు నేరుగా పైన, తలకు తగలని ఎత్తులో బిగించండి.