ఉప్పాడ, కాకినాడ బీచ్ పార్కుకు వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

సెలవుల్లో పిల్లలతో వెళ్లేవాళ్ల కోసం రాస్తున్నా.

– ఉప్పాడలో సముద్రం ఒడ్డును కోసేయకుండా వేసిన రాళ్ల మీదకు ఎక్కొద్దు, పిల్లలను అసలు ఎక్కనివ్వొద్దు. నాచు పట్టి జారతాయి, అల రాయికి కొట్టి వెనక్కి లాగుతుంది, రాళ్ల మధ్య పడితే ఈత వచ్చినా పనికిరాదు. సెల్ఫీ రోడ్డు మీద నుంచే తీసుకోండి, దయచేసి.

– అల్పపీడనం ఉందంటే కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డు నమ్ముకోవద్దు. కెరటాలు రోడ్డు మీదకే వస్తాయి, రాకపోకలు ఆపేస్తారు. అప్పుడు పిఠాపురం మీదుగా వెళ్లాలి. అమావాస్య, పౌర్ణమికి పోటు ఎక్కువ, అదీ చూసుకోండి.

– చేపల కోసమే వెళ్తుంటే తేదీ చూడండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మోటారు బోట్ల వేట నిషేధం, సరుకు తక్కువగా ఉంటుంది. మిగతా రోజుల్లో పొద్దున్నే వెళ్లండి, ఐస్ పెట్టె మర్చిపోవద్దు.

– ఆరేసిన వలలు తొక్కొద్దు, వాటి మీద బండి పోనివ్వొద్దు. తెగితే బాగుచేసుకునే దాకా ఆ ఇంటికి వేట ఉండదు. ఫొటో తీసేముందు ఒక మాట అడగండి, అది వాళ్ల పని జరిగే చోటు.

– పార్కుకు సాయంత్రం వెళ్లండి, మధ్యాహ్నం ఎండకు పిల్లలు తట్టుకోలేరు.