ఇంటి ఈతకొలనుకు ఎలక్ట్రానిక్ మానిటర్ కొనాలా?

వారానికి రెండు మూడుసార్లు చుక్కల టెస్ట్ కిట్‌తో నీళ్లు చూసే ఓపిక ఉంటే నీళ్లను తనంతట తానే కొలిచే మానిటర్ అవసరం లేదు. చాలా మానిటర్లు క్లోరిన్‌ను నేరుగా కొలవవు, ఓఆర్‌పీని, అంటే నీళ్లకున్న ఆక్సీకరణ శక్తిని, బట్టి అంచనా కడతాయి. ఎండకు క్లోరిన్ తగ్గిపోకుండా కాపాడే సయనూరిక్ యాసిడ్ నీళ్లలో పెరిగితే క్లోరిన్ ఉన్నా ఓఆర్‌పీ తగ్గి కనిపిస్తుంది. ఆ అంకె చూసి కంగారుగా క్లోరిన్ పోయకండి, ముందు కిట్‌తో సరిచూడండి. క్షారత్వానికి ఎలాగూ కిట్ కావాల్సిందే.

కొన్నారా, నెలకోసారి పీహెచ్ ప్రోబ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని కొలిచే కడ్డీ) కడిగి పీహెచ్ 7.0 బఫర్‌లో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణం), తర్వాత 4.0 బఫర్‌లో ముంచి కాలిబ్రేట్ చేయండి, అంటే అంకెను వాటితో సరిచేయండి. అంకె కదలకుండా నిలిచేదాకా ఆగాలి. గాజు కొనను గుడ్డతో రుద్దొద్దు, ఎండనివ్వొద్దు. తీసి దాచేటప్పుడు మూతలో పొటాషియం క్లోరైడ్ ద్రావణం పోయండి. డిస్టిల్డ్ వాటర్ అసలు వద్దు, ప్రోబ్‌లోని లవణాన్ని లాగేస్తుంది. ఒకటి రెండేళ్లకు ప్రోబ్ మార్చే ఖర్చూ లెక్కేసుకోండి.