వేరే సంస్కృతిలో క్రైస్తవ సేవకు నాయకత్వం వహించే ముందు జాగ్రత్తలు

బృందంతో బయలుదేరబోయే నాయకులు ముందే చూసుకోవాల్సినవి:

• సేవ బాధ్యతను స్థానికుల్లో ఎవరికి, ఎప్పటిలోగా అప్పగిస్తారో ఇప్పుడే రాసిపెట్టుకోండి. అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇక్కడే జరుగుతుంది. తొలితరం సువార్తికులైన పౌలు, బర్నబా తమ మొదటి సువార్త యాత్ర తిరుగు ప్రయాణంలోనే ప్రతి సంఘానికీ పెద్దలను ఏర్పరచారు (బైబిల్, అపొస్తలుల కార్యములు 14:23). మనమేమో ఏళ్లు గడిచినా "వాళ్లింకా సిద్ధంగా లేరు" అంటాం. నిజానికి సిద్ధంగా లేనిది చాలాసార్లు మనమే.

• జీతాలు, భవనాలు బయటి డబ్బుతో మొదలుపెట్టకండి. స్థానిక సంఘం తనను తానే పోషించుకోవాలి, పాలించుకోవాలి, విస్తరించుకోవాలి అని 19వ శతాబ్దంలోనే మిషనరీ సంస్థల నాయకులు హెన్రీ వెన్, రూఫస్ ఆండర్సన్ వాదించారు. డబ్బు పంపేవారిదే చివరి మాట అయితే స్థానిక పెద్దలది పేరుకే పెత్తనం.

• తలూపితే ఒప్పుకున్నారనుకోకండి. చాలా సంస్కృతుల్లో నాయకుడి ముఖం మీద కాదనడం అమర్యాద. తర్వాత విడిగా, నమ్మకస్తుడైన మధ్యవర్తి ద్వారా అడగండి.

• పక్షపాతం అన్న ఫిర్యాదు వస్తే పరిష్కారాన్ని బాధితుల వైపువారి చేతికివ్వండి. యెరూషలేములోని తొలి సంఘంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారన్నప్పుడు, ఆ పని చూడడానికి ఎన్నుకున్న ఏడుగురివీ గ్రీకు పేర్లే (అపొస్తలుల కార్యములు 6).

• భాష నేర్చుకోవడానికి సమయం కేటాయించండి. అనువాదకుడు మాటలు చేరవేస్తాడు, చనువు కాదు.