చుక్కలు లెక్కపెట్టి తలతన్యత కొలిచేటప్పుడు

గోదావరి డెల్టాలో వరికి మందు పిచికారీ చేసే రైతులు, ఆకు మీది మైనపు పూతపై నీరు నిలవక జారిపోతుందని ద్రావణంలో సబ్బునీటి వంటి తడిపే పదార్థాన్ని కలుపుతారు. అది తలతన్యతను (ద్రవపు ఉపరితలాన్ని ముడుచుకునేలా లాగే బలాన్ని) ఎంత తగ్గించిందో చుక్కల ద్వారా దాన్ని కొలిచే స్టాలగ్మోమీటరు అనే పరికరం లేకపోయినా సన్నని మొన, కుళాయి, కొలత గీతలు గల గాజు గొట్టమైన బ్యూరెట్‌తో కొలవవచ్చు. తలతన్యత తగ్గితే చుక్కలు చిన్నవై వాటి సంఖ్య పెరుగుతుంది. ఒకే ఘనపరిమాణంలో స్వేదనజలం 40 చుక్కలుగా, ద్రావణం 80 చుక్కలుగా రాలితే, రెండింటి సాంద్రత దాదాపు సమానమైనప్పుడు ద్రావణపు తలతన్యత నీటిలో సగమని భావించాలి. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటి విలువ మీటరుకు 71.2 మిల్లీన్యూటన్లు కనుక జవాబు సుమారు 35.6 వస్తుంది.

అసలు జాగ్రత్త వేగం విషయంలో ఉంది. సబ్బు అణువులు లోపలి నుండి చుక్క ఉపరితలానికి చేరడానికి కొంత వ్యవధి పడుతుంది కాబట్టి, చుక్కలు గబగబా రాలితే తలతన్యత అసలు కంటే ఎక్కువగా కనిపిస్తుంది. నిమిషానికి 15 చుక్కలకు మించకుండా కుళాయిని తిప్పడం మంచిదని నా అభిప్రాయం. మొనను వేలితో తాకరాదు, చర్మపు జిడ్డు చాలు ఫలితం చెడడానికి. పలుచని ద్రావణంతో మొదలుపెట్టి గాఢమైన దానికి వెళ్ళాలి. కాలువ నీటిని మాత్రం వాడవద్దు: అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారి, మీరు తూచి వేసిన సబ్బులో కొంత భాగాన్ని లెక్కలో లేకుండా చేస్తాయి.