ముక్కు ద్వారా మెదడు నీటి లీకును మూసే సర్జరీకి ముందు జాగ్రత్తలు

తల వంచినప్పుడు ఒక పక్క ముక్కు నుంచి నీళ్లలా కారి, గొంతులో ఉప్పగా తగిలే ద్రవాన్ని జలుబుగా తీసిపారేయకుండా, అది మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు కాబట్టి, శుభ్రమైన సీసాలో బొట్లు బొట్లుగా పట్టి బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ (మెదడు నీటిలో ఉండే ఒక ప్రోటీన్) పరీక్షకు ఇవ్వాలి. చక్కెర స్ట్రిప్పుతో తేల్చే పాత పద్ధతి నమ్మదగినది కాదు. ముక్కుకూ మెదడుకూ మధ్య ఎముకలో నీరు కారే రంధ్రం ఉన్న చోటును సీటీ స్కాన్‌లోను, అందులోంచి మెదడు పొర జారిందా అన్నది ఎంఆర్‌ఐలోను చూసుకోవాలి.

సర్జరీ రోజు వరకు ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, బరువులు ఎత్తకూడదు. మలబద్ధకాన్ని చాలామంది పట్టించుకోరు గాని, ముక్కినప్పుడల్లా తలలో ఒత్తిడి పెరుగుతుంది కనుక విరేచనం సాఫీగా అయ్యే మందు అడిగి తీసుకోవాలి. రక్తం పలుచబరిచే మాత్రలను సొంతంగా ఆపకుండా డాక్టరుకు చెప్పాలి. గురకకు రాత్రిపూట సీపాప్ మాస్కు (గాలిని ఒత్తిడితో ముక్కులోకి పంపే పరికరం) వాడేవారైతే అదీ చెప్పాలి, ఎందుకంటే ఆ గాలి రంధ్రం గుండా తలలోకి చేరవచ్చు. మెనింజైటిస్ (మెదడు పొరల ఇన్ఫెక్షన్) ముప్పును తగ్గించే న్యుమోకోకల్ టీకా గురించి అడగాలి. దెబ్బ తగలకుండానే లీకు మొదలైతే తలలో ఒత్తిడి ఎక్కువగా ఉందేమో తేల్చుకోవాలి. అలా తేల్చుకోకుంటే సర్జరీలో రంధ్రానికి వేసిన అతుకు ఊడవచ్చు.

జ్వరం, మెడ బిగుసుకోవడం, తీవ్రమైన తలనొప్పి కనిపిస్తే అది మెనింజైటిస్ కావచ్చు కాబట్టి సర్జరీ తేదీ కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.