నామవాచకం వెంట ఏ ప్రిపొజిషన్ రావాలి: ఇంగ్లిష్ రాతలో సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

చిక్కడపల్లిలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల ఇంగ్లిష్ వ్యాసాలు, ఉత్తరాలు దిద్దడం కొన్నేళ్లుగా నా పని. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లిష్ కేవలం అర్హత పేపరే అయినా అందులో గట్టెక్కక తప్పదు కనుక, వాళ్లు దానికి శ్రద్ధగానే సాధన చేస్తారు. టెన్సుల్లోనూ ఆర్టికల్సులోనూ దొర్లే తప్పులు కొన్ని నెలల్లో తగ్గుముఖం పడతాయి. చివరిదాకా వదలనిది మాత్రం ఒకటుంది. నామవాచకాన్ని తర్వాతి మాటలతో కలిపే ఆన్, ఇన్, టు, ఫర్, ఆఫ్ వంటి చిన్న పదం దగ్గర చెయ్యి తిరిగినవాళ్లు కూడా తడబడతారు. చాలా సందర్భాల్లో ఆ చిన్న పదాన్ని నిర్ణయించేది దానికి ముందున్న ఇంగ్లిష్ నామవాచకం. మనం మాత్రం మనసులో మెదిలిన తెలుగు విభక్తిని బట్టి దాన్ని ఎంచుకుంటాం. కింద చెప్పబోయే తప్పుల్లో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి.

'మీద' అనిపించిన ప్రతిచోటా 'ఆన్' రాయడం

లక్షణం: కాలనీలో డ్రైనేజీ పనులు ఆగిపోయాయని మున్సిపల్ కమిషనరుకు నమూనా ఉత్తరం రాయమంటే, ఒక అమ్మాయి ఒకే పేజీలో 'కంప్లయింట్ ఆన్ ద కాంట్రాక్టర్', 'ట్రస్ట్ ఆన్ ది ఆఫీసర్స్', 'ఇంట్రెస్ట్ ఆన్ ద వర్క్' అని రాసింది. ఈ మూడూ తప్పే. అదే పేజీలో 'ప్రెషర్ ఆన్ ద స్టాఫ్' అని కూడా ఉంది, అది ఒప్పు. నాలుగూ ఒకే తీరుగా కనిపిస్తున్నప్పుడు ఏది తప్పో ఆమెకు ఎలా తెలుస్తుంది?

కారణం: మన 'మీద' చాలా విశాలమైన మాట. కాంట్రాక్టరు మీద ఫిర్యాదు, అధికారుల మీద నమ్మకం, పని మీద ఆసక్తి, బిడ్డ మీద ప్రేమ, తమ్ముడి మీద కోపం, శత్రువు మీద గెలుపు, సిబ్బంది మీద ఒత్తిడి అని అన్నిటికీ అదొక్కటే సరిపోతుంది. మనసు గానీ మాట గానీ బలం గానీ ఎటు మళ్లితే అటు 'మీద' వస్తుంది. ఇంగ్లిష్ ఈ ఒక్క స్థలాన్ని అయిదారు గదులుగా విభజించుకుంది.

పరిష్కారం: నామవాచకాలను గదుల వారీగా గుర్తుపెట్టుకోవాలి. పైనుంచి బరువు పడినట్లు అనిపించే ఒత్తిడి, పన్ను, నిషేధం, దాడి, ప్రభావం వంటి వాటికి 'ఆన్' వస్తుంది: 'ప్రెషర్ ఆన్', 'ట్యాక్స్ ఆన్', 'బ్యాన్ ఆన్', 'అటాక్ ఆన్', 'ఇంపాక్ట్ ఆన్'. మనసు లోపలికి వెళ్లి కుదురుకునే నమ్మకానికీ ఆసక్తికీ 'ఇన్' కావాలి: 'ట్రస్ట్ ఇన్', 'ఫెయిత్ ఇన్', 'ఇంట్రెస్ట్ ఇన్'. మన నుంచి ఎదుటివారికి అందే ప్రేమ, గౌరవం, సానుభూతి 'ఫర్' తీసుకుంటాయి. పైచేయి ఉన్నచోట 'ఓవర్' వస్తుంది: 'కంట్రోల్ ఓవర్', 'విక్టరీ ఓవర్'. కోపానికి 'యాంగర్ ఎట్' అంటారు. ఫిర్యాదు మనిషి మీదైతే 'కంప్లయింట్ అగెనెస్ట్', సంగతి గురించైతే 'కంప్లయింట్ ఎబౌట్', ఎవరికి ఇస్తున్నామో ఆ అధికారి ముందు 'టు' రావాలి.

ఈ గదులు గుర్తుకు సాయపడతాయే తప్ప నియమాలు కావు. 'పని మీద శ్రద్ధ' అనేది 'అటెన్షన్ టు ద వర్క్' అవుతుంది, అది వీటిలో ఏ గదిలోనూ పట్టదు. అందుకే నోట్సు రాసుకునేటప్పుడు 'ట్రస్ట్' అని విడిగా రాసుకోవద్దనీ, 'ట్రస్ట్ ఇన్' అని ఒకే మాటలా రాసుకుని దాని కింద సొంత వాక్యం ఒకటి చేర్చుకోమనీ నేను పట్టుబట్టి చెబుతాను. విద్యార్థుల కోసం తయారైన నిఘంటువుల్లో చాలా నామవాచకాల పక్కన ఈ ప్రిపొజిషన్ కూడా ఇస్తారు. మన పిల్లలు అర్థం చూసుకుని పేజీ తిప్పేస్తారు. ఇంకో పంక్తి చదివితే సగం తప్పులు అక్కడే పోతాయి.

'కి', 'కు', 'యొక్క' ఉన్నచోట తడబాటు

'రీజన్ ఆఫ్ ద డిలే', 'ఇంక్రీజ్ ఆఫ్ ప్రైసెస్' అనేవి తరచూ కనిపిస్తాయి. బడిలో మనం వల్లించిన విభక్తుల పట్టికను ఒకసారి గుర్తు చేసుకుంటే కారణం అర్థమవుతుంది. షష్ఠీ విభక్తి వరుసలో కి, కు, యొక్క, లో, లోపల అన్నీ పక్కపక్కనే ఉంటాయి. ఇంగ్లిష్‌లో టు, ఫర్, ఆఫ్, ఇన్ పంచుకునే పనిని మన పట్టిక ఒకే పేరు కింద చేర్చింది. కాబట్టి తెలుగు వైపు నుంచి చూసినంత కాలం వాటి మధ్య తేడా కనబడదు.

ఆలస్యానికి కారణం అన్నప్పుడు 'రీజన్' అయితే 'ఫర్', 'కాజ్' అయితే 'ఆఫ్' వస్తాయి. తెలుగులో రెండూ 'కారణమే' గనుక ఈ రెంటినీ జంటగా కంఠస్థం చేయడమే మార్గం. పెరుగుదల విషయంలో మాత్రం ఒక ప్రశ్న వేసుకుంటే చాలు. ఏది పెరిగిందో చెబితే 'ఇన్', ఎంత పెరిగిందో చెబితే 'ఆఫ్'. బస్సు ఛార్జీలు 10 శాతం పెరిగితే 'యాన్ ఇంక్రీజ్ ఆఫ్ టెన్ పర్సెంట్ ఇన్ బస్ ఫేర్స్' అవుతుంది. తగ్గుదలకూ ఇదే వర్తిస్తుంది. 1908 నాటి మూసీ వరదల మీద వ్యాసం రాయమన్నప్పుడు చాలామంది 'డ్యామేజ్ ఆఫ్ ద సిటీ' అని రాశారు. నగరానికి జరిగిన నష్టం కనుక 'డ్యామేజ్ టు ద సిటీ' అనాలి. ఇక్కడ మన 'కి' సరిగ్గానే దారి చూపుతోంది. ప్రశ్నకు జవాబు, గదికి తాళంచెవి, సమస్యకు పరిష్కారం కూడా 'టు' తీసుకునేవే.

క్రియ పక్కన అక్కరలేని ప్రిపొజిషన్

లక్షణం: 'వి డిస్కస్డ్ ఎబౌట్ ద ప్రాబ్లమ్', 'దే ఆర్ డిమాండింగ్ ఫర్ వాటర్'.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన తప్పు ఇది, ఎందుకంటే ఇందులో రెండు కారణాలు కలిసి పనిచేస్తాయి. మొదటిది తెలుగుది. మన పట్టికలో 'గురించి' ద్వితీయా విభక్తి ప్రత్యయం, అంటే కర్మను సూచించే వరుసలోనిది. 'సమస్య గురించి చర్చించాం' అన్నప్పుడు సమస్య మనకు కర్మలాగే తోస్తుంది, దాన్ని ఉన్నదున్నట్లు ఇంగ్లిష్‌లోకి తెచ్చుకుంటాం. రెండోది ఇంగ్లిష్‌దే. 'డిస్కషన్ ఎబౌట్ ద ప్రాబ్లమ్' పూర్తిగా ఒప్పు. 'డిమాండ్ ఫర్ వాటర్' కూడా నామవాచకంగా ఒప్పు. పిల్లలు పత్రికల్లో వీటిని నామవాచకాలుగా చదివి, అదే ప్రిపొజిషన్‌ను క్రియకూ తగిలిస్తారు.

పరిష్కారం: సూటిగా కర్మను తీసుకునే క్రియ నామవాచకంగా మారినప్పుడు, ఆ కర్మను పట్టి ఉంచడానికి సాధారణంగా ప్రిపొజిషన్ అవసరమవుతుంది. 'విజిట్ చార్మినార్' అంటే క్రియ, 'ఎ విజిట్ టు చార్మినార్' అంటే నామవాచకం. 'అటాక్ ద ఫోర్ట్', 'యాన్ అటాక్ ఆన్ ద ఫోర్ట్'. 'ల్యాక్ మనీ', 'ల్యాక్ ఆఫ్ మనీ'. రాసిన మాట క్రియా, లేక నామవాచకమా అని నిలబడి చూసుకోవాలి. ముందు 'ఎ', 'ద', 'దెయిర్' వంటివి ఉంటే అది నామవాచకం, ప్రిపొజిషన్ ఉంచవచ్చు. 'వి', 'దే' వంటి కర్త వెనువెంటనే ఆ మాట వస్తే అది క్రియ, ఈ మాటల విషయంలో ప్రిపొజిషన్ తీసేయాలి.

పదబంధం దేనికి అతుక్కుందో తెలియకపోవడం

ఒక కాలనీ సంఘం వాళ్లు చూపించిన ఉత్తరంలో 'వి గేవ్ ఎ కంప్లయింట్ ఎబౌట్ ద గార్బేజ్ ఇన్ ద వార్డ్ ఆఫీస్' అని ఉంది. వాళ్ల ఉద్దేశం ఫిర్యాదును వార్డు ఆఫీసులో ఇచ్చామని. చదివినవారికి చెత్త ఆఫీసులోనే ఉన్నట్లు అర్థమవుతుంది.

తెలుగులో ఈ చిక్కును ఒక్క అక్షరం విప్పేస్తుంది. 'వార్డు ఆఫీసులో' అంటే క్రియకు చెందుతుంది, 'వార్డు ఆఫీసులోని' అంటే నామవాచకానికి చెందుతుంది. ఆ 'ని' చేసే పనికి ఇంగ్లిష్‌లో ప్రత్యేకమైన గుర్తు లేదు, స్థానమే గుర్తు. నామవాచకం వెనకాలే నిలిచిన పదబంధాన్ని చదువరి మొదట ఆ నామవాచకానికే చేరుస్తాడు. కాబట్టి క్రియకు చెందినదాన్ని వాక్యం మొదట్లోకి జరపాలి, లేదా క్రియను మార్చి 'వి కంప్లెయిన్డ్ టు ద వార్డ్ ఆఫీస్ ఎబౌట్ ద గార్బేజ్ ఇన్ అవర్ లేన్' అనాలి.

దీనికి తోబుట్టువు లాంటిది ఇంకొకటి. 'టేబుల్ మీద ఉన్న పుస్తకం' అనే అలవాటు వల్ల మనం 'ద బుక్ విచ్ ఈజ్ ఆన్ ద టేబుల్' అని రాస్తాం. ఇది తప్పు కాదు గానీ, 'ఉన్న' అనే మాట ఇంగ్లిష్‌కు అక్కరలేదు. 'ద బుక్ ఆన్ ద టేబుల్' చాలు. కోఠికి వెళ్లే బస్సు 'ద బస్ టు కోఠి' అవుతుంది, 'వెళ్లే' అవసరం లేదు. ఉత్తరంలో 'విచ్ ఈజ్' కనిపించిన ప్రతిసారీ దాన్ని కొట్టేసి చదివి చూడండి, అర్థం నిలిస్తే అలాగే వదిలేయండి.

పేర్ల విషయంలో మాత్రం ఏ సూత్రమూ పనిచేయదు. 1918లో మొదలైనది 'ఉస్మానియా యూనివర్సిటీ', 1974లో మొదలైనది 'యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్'. తెలుగులో రెంటికీ ఒకే వరుస. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు సంస్థ తన పేరును ఎలా రాసుకుంటుందో అలాగే రాయాలి, దరఖాస్తుల్లో మరీ ముఖ్యంగా.

క్రియ ఏకవచనమా, బహువచనమా

'ద లిస్ట్ ఆఫ్ క్యాండిడేట్స్ ఆర్ రెడీ' అని రాయడానికి కారణం, క్రియకు దగ్గరగా ఉన్న 'క్యాండిడేట్స్' చెవిలో మోగుతూ ఉండడమే. తెలుగులో 'అభ్యర్థుల జాబితా' అన్నప్పుడు ప్రధానమైన మాట చివర, క్రియకు ఆనుకునే ఉంటుంది. ఇంగ్లిష్‌లో అది ముందే వచ్చి దూరంగా ఉండిపోతుంది. 'ఆఫ్' నుంచి మొదలయ్యే పదబంధాన్ని వేలితో మూసి మిగతా వాక్యం చదివితే 'ద లిస్ట్ ఈజ్ రెడీ' అని దానంతటదే వస్తుంది. దీనికి లొంగనిది 'ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్'. అది 'చాలామంది' అనే అర్థంలో వస్తుంది కనుక బహువచన క్రియ తీసుకుంటుంది, 'ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్' మాత్రం ఏకవచనమే. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' అని రాసేవారు 'ఫ్రెండ్స్' అని బహువచనం చేసి, క్రియను మాత్రం 'వన్'కు తగ్గట్టు ఏకవచనంలోనే ఉంచాలి.