బస్టర్ కీటన్ సినిమాలు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చూడాలి

మూకీ సినిమా అనగానే చాలామందికి చాప్లిన్ గుర్తొస్తాడు, అక్కడితో ఆగిపోతారు. చాప్లిన్‌ని ఎంత చూసినా తక్కువే, కాదనను. కానీ అదే కాలంలో, అదే హాలీవుడ్‌లో, ఆయనకి ఏమాత్రం తగ్గకుండా పనిచేసిన హాస్యనటుడు, దర్శకుడు బస్టర్ కీటన్. మనలో ఈయన్ని చూసినవాళ్ళు చాలా తక్కువ. చూద్దామనుకుంటే ఏ క్రమంలో చూడాలో చెప్తాను. నా సలహా ఒకటే: జీవితకథ అంతా ముందే చదివేయొద్దు, సినిమాలన్నీ వరసపెట్టి చూసేయనూ వద్దు. రెండు సినిమాలు చూసి కొంచెం కథ, మళ్ళీ సినిమాలు, మళ్ళీ కథ. అలా వెళ్తేనే ఆయన ఏం సాధించాడో, తర్వాత ఏం పోగొట్టుకున్నాడో ఒంటబడుతుంది.

ముందు ప్రింటు సంగతి చూసుకోండి. 1928 దాకా వచ్చిన ఆయన సినిమాలకి అమెరికాలో కాపీరైట్ గడువు తీరిపోయింది, నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఉచితం కాబట్టే ఎవరికి దొరికిన కాపీ వాళ్ళు ఎక్కించేశారు. మసకబారిన ప్రింటు, సంబంధం లేని సంగీతం, తప్పు వేగం, ఈ మూడూ ఉన్న కాపీ చూసి "మూకీలంటే ఇంతేనా" అని వదిలేసినవాళ్ళు ఎంతమందో. అప్పట్లో కెమెరాను చేత్తో తిప్పేవాళ్ళు కాబట్టి వేగం ఒకే తీరుగా ఉండేది కాదు. పరుగుల సీన్లలో కావాలనే వేగం పెంచిన షాట్లు ఉంటాయి, అవి వేరు. మామూలుగా కూర్చుని మాట్లాడుకునే సీన్లో కూడా మనుషులు గబగబా కదులుతుంటే ఆ కాపీ మూసేసి ఇంకోటి వెతకండి. రీస్టోర్ చేసినది అని రాసి ఉండి, పియానో గానీ చిన్న ఆర్కెస్ట్రా గానీ ఉన్నది అయితే మంచిది.

ఫోన్లో మాత్రం చూడొద్దు, ఈ ఒక్క మాట వినండి. కీటన్ క్లోజప్‌లని పెద్దగా నమ్ముకోలేదు. కెమెరాను దూరంగా పెట్టి, తల నుంచి పాదాల దాకా తను, చుట్టూ ఉన్న ఇల్లో రైలో నదో అంతా ఒకే ఫ్రేములో కనపడేలా తీసేవాడు. చేసింది నిజంగా తనే చేశాడని మనకి తెలియాలి కదా, అందుకు. ఫ్రేము మూలలో ఏం జరుగుతోందో కూడా చూడాలి కాబట్టి టీవీ పెట్టుకోండి. మధ్యలో వచ్చే టైటిల్ కార్డులు ఈయన సినిమాల్లో తక్కువే. మన దగ్గర మూకీలు ఆడిన రోజుల్లో తెర పక్కన ఒకాయన నిలబడి ఆ కార్డులు చదివి జనానికి కథ చెప్పేవాడు. పిల్లలతో చూస్తుంటే ఆ పని మీరు చేయండి, తెలుగులో చెప్పేయండి, వాళ్ళు ఎంత నవ్వుతారో చూడండి.

మొదటి సినిమా 'వన్ వీక్', 1920. పాతిక నిమిషాలకి మించదు. కొత్తగా పెళ్ళయిన జంటకి ఇల్లు పెట్టెల్లో వస్తుంది, విడిభాగాలు అన్నీ నంబర్ల ప్రకారం బిగించుకుంటే ఇల్లు తయారు. ఆ అమ్మాయి కాదన్న ఒకడు వచ్చి పెట్టెల మీద నంబర్లు మార్చేస్తాడు. తయారైన ఇల్లు ఎలా ఉంటుందో నేను చెప్పను. గాలివానకి ఆ ఇల్లు ఇల్లంతా గిర్రున తిరుగుతుంటే కీటన్ లోపలికి దూకాలని చూసే సీను మాత్రం రెండుసార్లు చూడండి. మొదటిసారి నవ్వుకోండి, రెండోసారి ఆయన కాళ్ళు మాత్రమే చూడండి. పడటం అంటే అది. ఎక్కడ పడాలో, ఏ భుజం ముందు ఆనాలో, ఎప్పుడు లేవాలో ఆ ఒంటికి ముందే తెలుసు.

అంత ఎలా తెలుసు? ఇప్పుడు కొంచెం కథ. ఆయన పుట్టింది 1895 అక్టోబర్ 4న, కాన్సాస్ రాష్ట్రంలో పిక్వా అనే చిన్న ఊళ్ళో. అమ్మానాన్నలు ఊరూరా తిరిగే స్టేజీ కళాకారులు. పిల్లాడు నడక నేర్చిన కొన్నాళ్ళకే ఆటలోకి వచ్చేశాడు, 'ద త్రీ కీటన్స్' అని పేరు. ఆట ఏంటంటే నాన్న మాట వినని కొడుకు, కోపం పట్టలేని నాన్న. నాన్న వాడిని ఎత్తి స్టేజీ మీద అటునుంచి ఇటు విసిరేసేవాడు, సూట్‌కేసు పిడి ఒకటి పిల్లాడి చొక్కా వెనక కుట్టేసి ఉండేది, పట్టుకుని విసరడానికి వీలుగా. పిల్లల్ని కాపాడే సంఘం వాళ్ళు న్యూయార్క్‌లో ఈ ఆట ఆపించాలని వెంటపడ్డారు కూడా. ఆయన మాత్రం పెద్దయ్యాక తనకి దెబ్బలు తగలలేదనే చెప్పాడు. ఆ స్టేజీ మీదే ఇంకోటి కనిపెట్టాడు: పడి లేచాక తను నవ్వితే జనం నవ్వరు, ముఖం బిగించి ఉంటే విరగబడి నవ్వుతారు. తర్వాత లోకమంతా 'గ్రేట్ స్టోన్ ఫేస్' అని పిలిచిన ఆ ముఖం ఒక చిన్నపిల్లాడు అనుభవంతో నేర్చుకున్నది. నాన్న తాగుడు ముదిరి, 1917లో ఆ ఆట ఆగిపోయింది.

అదే ఏడాది న్యూయార్క్‌లో రాస్కో ఆర్బకల్ పరిచయమయ్యాడు, అప్పటికే పెద్ద హాస్యనటుడు. స్టూడియోకి పిలిచాడు. కీటన్ ఒక కెమెరాను అడిగి తీసుకెళ్ళి విడదీసి, అది ఎలా పనిచేస్తుందో చూసి మళ్ళీ బిగించాడని చెబుతారు. నటుడిగా మాత్రమే చూస్తే ఈయన సగమే అర్థమవుతాడని నేను అనేది ఇందుకే. 1921లో ఆర్బకల్ మీద ఘోరమైన కేసు పడింది, మూడు విచారణల తర్వాత 1922లో నిర్దోషి అని తేలింది, కానీ అప్పటికే కెరీర్ పోయింది. అందరూ మొహం చాటేసినా కీటన్ మాత్రం స్నేహితుణ్ణి వదల్లేదు.

ఇప్పుడు 'కాప్స్' (1922), 'ద ప్లేహౌస్' (1921) చూడండి. రెండోదాంట్లో మొదటి కొన్ని నిమిషాల్లో నాటకం ఆడేవాళ్ళు, వాయిద్యాల వాళ్ళు, చూసేవాళ్ళు అందరూ కీటనే. ఒక దశలో తొమ్మిదిమంది కీటన్‌లు ఒకే వరసలో నిలబడి ఉంటారు. కంప్యూటర్లు లేని రోజులు. లెన్సు ముందు మూత పెట్టి, ఒక్కో ముక్క మాత్రమే తెరిచి, అదే ఫిల్ముని వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ తీయాలి. ఎల్జిన్ లెస్లీ అనే కెమెరామన్ ప్రతిసారీ ఒకే వేగంతో చేత్తో తిప్పాలి, ఎక్కడ తేడా వచ్చినా మొత్తం పోయినట్టే.

తర్వాత పెద్ద సినిమాలకి రండి, 'షెర్లాక్ జూనియర్' (1924) తోనే. ముప్పావుగంట సినిమా. సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్ నిద్రలోకి జారుకుని, కలలో తెర మీద ఆడుతున్న సినిమాలోకి నడిచి వెళ్ళిపోతాడు. వెళ్ళాక సీన్లు మారిపోతుంటాయి: వీధిలో ఉన్నవాడు కొండ అంచున, కొండ మీద ఉన్నవాడు సింహాల మధ్య. మనిషి నిలబడిన చోటు మాత్రం మారదు. ప్రతి చోటా కెమెరాకీ తనకీ మధ్య దూరం కొలిపించి సరిపెట్టాడు. ఇదే సినిమాలో రైలు మీద నుంచి నీళ్ళ ట్యాంకు గొట్టం పట్టుకుని దిగే సీను ఉంది, నీళ్ళు ధడాల్న మీద పడి కిందకి తోసేస్తాయి, మెడ పట్టాకి కొట్టుకుంటుంది, లేచి పరిగెత్తేస్తాడు. ఆ రోజు మెడ ఎముక విరిగిందని ఆయనకి తెలిసింది ఏళ్ళ తర్వాత, వేరే ఏదో పరీక్షలో డాక్టర్ ఎక్స్‌రే చూసి చెబితే. ఆ షాట్ సినిమాలో అలాగే ఉంది.

'ద జనరల్' ఖాళీగా ఉన్న సాయంత్రం చూడండి, హడావుడిగా వద్దు. 1926లో ఆరెగాన్ రాష్ట్రంలో కాటేజ్ గ్రోవ్ దగ్గర తీశాడు, అమెరికా అంతర్యుద్ధంలో 1862లో నిజంగా జరిగిన ఒక రైలింజన్ దొంగతనం ఆధారం. ప్రియురాలు కాదంది, దిగులుగా ఇంజన్ చక్రాలని కలిపే కడ్డీ మీద కూర్చుంటాడు. ఇంజన్ కదులుతుంది, కడ్డీతో పాటు పైకీ కిందకీ వెళ్తుంటాడు, ఆయనకి తెలియదు. ఆవిరి కొంచెం ఎక్కువ వదిలి చక్రం జర్రున తిరిగితే ప్రాణం పోయేది. ఇంకోచోట ఇంజన్ ముందు భాగంలో కూర్చుని, చేతిలో ఉన్న స్లీపర్ దుంగతో పట్టాల మీద అడ్డంగా పడి ఉన్న ఇంకో దుంగ చివర కొడతాడు, అది గాల్లోకి లేచి పక్కకి పడుతుంది. చివర్లో కాలుతున్న వంతెన మీద నుంచి నిజమైన ఇంజన్ నదిలో పడిపోతుంది, ఒక్కటే టేక్. రెండో ప్రపంచయుద్ధం దాకా ఆ ఇనుము ఆ నదిలోనే ఉంది. హీరో దక్షిణాది పక్షం, అంటే బానిసత్వాన్ని నిలబెట్టాలని పోరాడిన పక్షం, ఆ సంగతి సినిమా పట్టించుకోదు. మనం మర్చిపోకుండా చూడాలి.

ఇంత చేసినా అప్పటి విమర్శకులకి నచ్చలేదు, పెట్టిన డబ్బుకి తగ్గ వసూళ్ళూ రాలేదు. ఇక్కడే ఆయన జీవితం మలుపు తిరిగింది. 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్' (1928) ఆయన సొంత స్టూడియోలో చివరిది. ఇంటి ముందు గోడ మొత్తం ఆయన మీద పడుతుంది, పైనున్న చిన్న కిటికీ సరిగ్గా ఆయన నిలబడిన చోట వస్తుంది కాబట్టి బతుకుతాడు. గోడ బరువు రెండు టన్నులని చెబుతారు. భుజాలకి అటూ ఇటూ ఉన్న ఖాళీ అంగుళాల్లోనే. ఆపి ఆపి చూడండి, ఆయన కదలడు, తల ఎత్తడు.

ఆ ఏడాదే నిర్మాత జోసెఫ్ షెంక్ సలహా మీద ఎంజీఎం అనే పెద్ద స్టూడియోలో చేరాడు. వెళ్ళొద్దని చాప్లిన్ చెప్పాడు. జీవితంలో చేసిన పెద్ద తప్పు అదేనని తర్వాత కీటనే అన్నాడు. మీరు చాలాచోట్ల "టాకీలు వచ్చి కీటన్ మునిగిపోయాడు" అని చదువుతారు, దయచేసి నమ్మకండి. ఆయనది బొంగురుగా, గట్టిగా ఉండే చక్కటి గొంతు, ఆయన మొదటి టాకీలకి డబ్బులు కూడా వచ్చాయి. పోయింది స్వేచ్ఛ. కథకి మొదలూ చివరా అనుకుని, మధ్యలోది సెట్లో తన మనుషులతో కలిసి కల్పించుకుంటూ పోయే మనిషిని తీసుకెళ్ళి స్క్రిప్టులు, సూపర్‌వైజర్లు, మీటింగుల మధ్య కూర్చోబెట్టారు. అక్కడి మొదటి సినిమా 'ద కెమెరామన్' (1928) ఇంకా బాగుంటుంది, తప్పక చూడండి. ఆ తర్వాత 1930 నాటి 'ఫ్రీ అండ్ ఈజీ' ఒక్క పదిహేను నిమిషాలు చూడండి చాలు, తేడా తెలిసిపోతుంది. అదే శరీరం, చేయడానికి పని లేదు. తాగుడు పెరిగింది, 1932లో విడాకులు, 1933లో ఎంజీఎం తీసేసింది. కొన్నేళ్ళకి అదే కంపెనీలో వేరేవాళ్ళ సినిమాలకి తక్కువ జీతానికి హాస్య సన్నివేశాలు రాసిపెట్టాడు.

కథ ఇక్కడ ఆపేసి ఏడవకండి, తర్వాత పాతికేళ్ళకి పైగా బతుకుంది, బాగానే బతికాడు. 1940లో ఎలియనోర్ నోరిస్‌ని పెళ్ళి చేసుకున్నాడు, చివరిదాకా ఆవిడే తోడు. 1952లో 'లైమ్‌లైట్'లో చాప్లిన్ పక్కన నటించాడు. ఆయన పాత ఇంటిని కొన్న నటుడు జేమ్స్ మేసన్‌కి అక్కడ పాత ప్రింట్లు దొరికాయి, అలా ఆ సినిమాలు మళ్ళీ బయటికొచ్చాయి. 1960లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు, 1966 ఫిబ్రవరి 1న పోయాడు. ఆ ముందు ఏడాది విడుదలైన, కెనడాలో తీసిన 'ద రెయిల్‌రాడర్' అనే చిన్న మూకీ తప్పకుండా చూడండి, దాంతోపాటే దాని చిత్రీకరణ మీద తీసిన డాక్యుమెంటరీ కూడా. ఎత్తైన రైలు వంతెన మీద పెద్ద మ్యాపు ఒంటికి చుట్టుకుపోయి ఏమీ కనపడకుండా వెళ్ళే హాస్య సన్నివేశం కీటన్ తనే చేస్తానంటాడు, ప్రమాదమని దర్శకుడు వద్దంటాడు, దాదాపు 70 ఏళ్ళ ముసలాయన వాదనకి దిగుతాడు. ఎంజీఎం కథంతా చదివాక ఆ వాదన వినండి.

మిగిలినవి ఏ వరసలోనైనా చూడొచ్చు. 'అవర్ హాస్పిటాలిటీ', 'ద నేవిగేటర్' మొదట పెట్టుకోండి. 'సెవెన్ ఛాన్సెస్' చివర్లో కొండ మీద నుంచి దొర్లే బండరాళ్ళ పరుగు అద్భుతం, కానీ అందులో నల్లవాళ్ళ మీద వేసిన హాస్యం ఇప్పుడు చూస్తే ఒళ్ళు మండుతుంది. 'కాలేజ్'లో, 'ద ప్లేహౌస్'లో కూడా ముఖానికి నల్లరంగు పూసుకునే చోట్లున్నాయి. పిల్లలు పక్కనుంటే అక్కడ ఆపి, అది ఎందుకు తప్పో చెప్పి, తర్వాత ముందుకెళ్ళండి.